అడ్డపొగ

గోపాలపూర్ గాలికి చుట్ట ఆరిపోకుండా
నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకుని
నలభై ఏళ్లు వలలు బాగుచేసింది
చోడిపల్లి పారమ్మ.

బరంపురం పెద్దాసుపత్రిలో కాగితం ఒడియాలో ఉంది.
ఆమెకు ఆ లిపి రాదు, మన లిపీ రాదు.
నేనే చదివి చెప్పాను:
నీ అంగిలి నుంచి తీసిన ముక్కలో కొన్ని కణాలు
మా ల్యాబులో పెంచుకుంటాం అని.
"కణమంటే? నిప్పుకణమేనా?" అంది.
కాదనబోయి
వేలిముద్రకి సిరా డబ్బా తెరిచాను.

ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో
ఇప్పుడవి నా దగ్గర.
చుట్టూ కావలసినంత గాలి.
అయినా గాలాడని గదిలో ఉన్నట్టే
చక్కెరను సగం కాల్చి వదిలేస్తాయి.
సోమవారం గులాబీ రంగులో పోసిన ద్రవం
బుధవారానికి పసుపు.
పాలు పులిస్తే పుట్టే ఆమ్లమే ఇదీ.
మా అమ్మ రాత్రి తోడు వేస్తే
తెల్లారేసరికి పెరుగు, అక్కడితో ఆగుతుంది.
వీటికి పెరుగు అన్న మాట
ఎవరో ఒకసారి చెప్పి
వెనక్కి తీసుకోవడం మరిచారు.
పొర దగ్గర ఒక ప్రోటీన్ విని ఇంకోదానికి,
అది మరోదానికి,
ఒకరి చుట్టతో ఒకరు ముట్టించుకున్నట్టు
ఫాస్ఫేటు అంటించుకుంటూ కేంద్రకం దాకా.
ఆ వరసలో చాలు అనాల్సినది ఎవరో
ఆరేళ్లుగా వెతుకుతున్నాను.

నెలకోసారి చెకప్‌కొస్తుంది పారమ్మ.
ఎండు నెత్తళ్ల పొట్లాన్ని గేటు దగ్గర ఆపేస్తే
సెక్యూరిటీ అతనికే సగమిచ్చి లోపలికొస్తుంది.
అంగిలి ఉన్నచోట ప్లాస్టిక్ పలక. మాట ముక్కులోంచి.
"నా ముక్క తింతందా?"
తింటోంది పారమ్మా, అదే కదా బాధ.
"ఓపాలి పస్తుంచి సూడు గుంటా."
ఉంచాను. చక్కెర తీసేస్తే గ్లుటమిన్ తింటాయి.
అదీ తీసేస్తే, పక్కన చచ్చినదాని మిగులు.
చుట్ట మానేశావా అనడిగితే
బొడ్లో దోపుకున్నది తీసి చూపించింది:
"ఉట్టిదే. అగ్గి లేదు."

నిన్న రాత్రంతా తుపాను గాలి, జనరేటర్ దడదడ.
బ్లాట్ మీద మూడో గడిలో పట్టీ
మొదటిసారి పలచబడింది.
మందు వల్లో, నా చేతి తప్పో.
ఇంకో రెండుసార్లు వస్తే గాని వచ్చినట్టు కాదు.
మా గైడుకి చెప్పలేదు.
ఈ నెల పారమ్మ రాలేదు.
ఆర్యపల్లి వైపు రోడ్డు మునిగిందంటున్నారు.

పసుపు ద్రవం పారబోసి, గులాబీది పోసి
మూత బిగించేముందు
గదిలో ఎవరూ లేరు కదా అని
చాలు అన్నాను, తెలుగులోనే.
తర్వాత ఫ్లాస్కు మీద తేదీ రాశాను.
పాసేజ్ పద్దెనిమిది.