ఇరవై రెండా, ముప్పై రెండా

యార్డులో నేను నంబర్లతోనే మాట్లాడతాను.
మూడొందల ముప్పై నాలుగు. మూడొందల నలభై ఒకటి.
తొడిమ పట్టుకుని చెవి దగ్గర ఊపితే
గింజ గలగలమంటుంది.
ఎండిందో, నీళ్లు చల్లి తెచ్చారో
అదే చెప్పేస్తుంది.

బెజవాడ గవర్నర్‌పేటలో, మెట్ల కింద కొట్లో
పానకాలరావు గారు పదకొండు నెలలు తిరిగి తెచ్చిన
నా లైసెన్సు రెండుసార్లు చదివి,
గాజుబల్ల మీద పచ్చగుడ్డ పరిచి
రెండు తూటాలు నిలబెట్టారు.
"ఇది ఇరవై రెండు. ఇది ముప్పై రెండు.
తొమ్మిది ఎమ్మెమ్మంటారా, అది పోలీసోళ్లది,
మనకి రాయరు."

ఒకటి లవంగమంత.
రెండోది నా చిటికెన వేలి చివరి కణుపంత.
"చిన్నది చేతిని తన్నదు, గురి చెదరదు.
పెద్దది తంతుంది గానీ, మనిషి ఆగుతాడు."
ఆగడమంటే? అన్నాను.
ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.
చాలాసేపు తుడిచారు.

మా తేజ రకం సన్నం, వేలెడు ఉండదు,
కళ్లల్లో నిప్పులు పోస్తుంది.
బాడిగ ఇంత పొడుగు, ఒట్టి రంగు.
సైజు చూసి కారం చెప్పినవాడు
గుంటూరులో మూడు సీజన్లు నిలబడలేదు.
ఈ మాటంటే ఆయన నవ్వలేదు.
"ముందు చెయ్యి చూపించండమ్మా" అన్నారు,
గాజులవాడిలా.

చూపించాను.
ముప్పయ్యేళ్ల ఘాటు గోళ్ల సందుల్లో ఎర్రగా.
వణకలేదు.
వణుకంతా ఏటుకూరు రోడ్డు మీదే అయిపోయింది,
ఆ మాఘమాసం రాత్రి
నగదు సంచీ వదలనందుకు
గుమస్తా మస్తాన్‌వలీ మోచెయ్యి తెగినప్పుడు.
హెల్మెట్టు జారితే చూశాను,
కత్తి పట్టినవాడికి ఇంకా మీసాలు రాలేదు.
నన్ను చూసి వాడే బెదిరాడు.
వాడికి ఇరవై రెండు చాలదా?
ముప్పై రెండు మరీ ఎక్కువా?

పెద్ద తూటా తీసి చెవి దగ్గర ఊపాను.
అలవాటు.
లోపల ఏదో కదిలినట్టూ, కదలనట్టూ.
ఎండిందో పచ్చిదో చెప్పలేదు.

ఏది కొన్నానో అడక్కండి.
మా నాన్న రోజుల్లో మిరప బేరం
తువ్వాలు కింద వేళ్లు నొక్కి చెప్పుకునేవాళ్లు.
ఎంతకి తెగిందో
ఆ రెండు చేతులకే ఎరుక.

ఇప్పుడు తువ్వాలు కింద
నా వేలు ఒక్కటే ఉంది.
అవతలి చెయ్యి
ఇంకా రాలేదు.