యాభై రెండు, యాభై ఆరు

పొట్ట మీద జెల్ పిండగానే
"మార్చి నెల కాలువలా ఉంది" అన్నాడు వొబ్బె.
డెబ్బై మూడేళ్ళు.
లేవార్డెన్‌కి ఉత్తరాన ఓ కాలువ ముక్కకి మంచు పెద్ద.
స్కేటింగ్ పందెం పెట్టొచ్చా అని ఊరు అడిగితే
బర్మా వేసి, కర్ర దించి, అంకె చెప్పేవాడు.

ఇవాళ అంకె చెప్పాల్సింది నేను.

ప్రోబ్ నొక్కాను. పేగుల్లో గాలి అడ్డొచ్చింది.
పక్కకి తిరగమన్నాను, ఊపిరి బిగబట్టమన్నాను.
తెర మీదికొచ్చింది బృహద్ధమని,
నల్లటి సున్నా,
గుండె కొట్టినప్పుడల్లా రవ్వంత ఉబ్బి, తగ్గి.
ఉబ్బినప్పుడు ఆపనా బొమ్మని, తగ్గినప్పుడా?
లోగోడ నుంచి లోగోడకి గీత గీశాను.
యాభై రెండు మిల్లీమీటర్లు.

పై అంతస్తులో సీటీ వాళ్ళు
వెలిగోడ నుంచి వెలిగోడకి కొలిచారట.
యాభై ఆరు.
కోత కాస్త ఏటవాలుగా పడిందేమో కూడా,
కీరాని వాలుగా తరిగితే చక్రం కోలగా రాదూ!

నిరుడు రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో
ముప్పై ఒకటే.
అది నెత్తురు నడిచే దారినే చూస్తుంది,
గోడకి పేరుకున్న గడ్డని చూడదు.
నీళ్ళు సన్నగా పారుతున్నాయని
కాలువే సన్నం అనుకున్నట్టు.

యాభై అయిదు దాటితే కత్తి.
దాటకపోతే ఇల్లు, ఆరు నెలలకి మళ్ళీ జెల్.
నా గీతకీ పై అంతస్తు గీతకీ తేడా
రెండు ఆవగింజలు.

"రెండూ నిజమే" అన్నారు డాక్టర్ రూర్డ్, తలుపు దగ్గరే నిలబడి.
"సగటు తీసి యాభై నాలుగంటారా?"
వొబ్బె నవ్వాడు, టవలుతో పొట్ట తుడుచుకుంటూ.
"మంచుకి సగటు లేదు డాక్టరుగారూ.
నూరు బెజ్జాలు వేసేవాణ్ణి.
తొంభైతొమ్మిది చోట్ల జానెడు.
వంతెన కింద, బాతులు తిరిగేచోట, బెత్తెడు.
ఆ బెత్తెడే మంచు మందం."

ఎవరం ఏమీ అనలేదు.

తర్వాత నా వైపు తిరిగాడు.
"పోయినసారి దేంతో కొలిచావమ్మా?"
"దీంతోనే. నేనే. లోగోడ నుంచి లోగోడకే."
"ఎంత?"
"నలభై ఎనిమిది."
"అదే కర్ర, అదే చెయ్యి" అన్నాడు.
కిటికీలోంచి కార్లు నిలిపే చోటు చూశాడు కాసేపు.
"అయితే కరుగుతోంది."

గదిలో అద్దం లేదు.
చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు.
చెప్పలేకపోయాను.