తరుగు పోను

శుక్రవారం పొద్దున్నే మెయిల్లో దిగుతుంది కంపెనీ మాట.
దాన్ని సుద్దముక్కతో తెలుగు చేసి
చర్చి వీధిలో, అంగడి ముందర, నల్లబల్ల కెక్కిస్తాను.
నా ఉద్యోగం బిల్లులు కొట్టడం.
బల్ల రాత అదనం, జీతంలో కనపడదు.

"ఈకంత తేలిక" అంటారు వాళ్ళు.
చిత్తూరులో ఈకను తూచి కొన్నదెవరు?
కిలోంపావు అని రాసినాను.
ఆటో దిగకుండానే ఒకాయన అడిగినాడు:
కిలోంపావు దేనికి, బెల్లానికా?
"సన్నం" అని రాస్తే
లోపల సరుకు తగ్గించినారా అంది
గ్రీమ్స్‌పేట టైలరు వళ్ళియమ్మ.
తగ్గించినారు.
పక్కనుండే మూడు బొక్కలు పూడ్చినారు,
మెమరీని పలకకే అతికించేసి
ఇంక పెంచుకునే పని లేదన్నారు.
అదీ కొత్త సంగతి కిందే వచ్చింది, అచ్చంగా, రంగుల బొమ్మతో.

ఎంత తుడిచినా పాత ధర పూర్తిగా పోదు.
యాభై నాలుగు వేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది కింద
యాభై ఎనిమిది బూడిదగా కనిపిస్తా ఉంటుంది.
దాని కింద మళ్ళీ యాభై నాలుగే.
తగ్గించడానికని నడుమ పెంచినారు.
నా తడిగుడ్డకు తెలుసు.

పోయిన నెల చెంగల్రాయుడు వచ్చినాడు,
బెల్లం మండీలో లెక్కలు రాసే మనిషి,
పాత మిషన్ని గోనెపట్టలో చుట్టుకొని, ఎక్స్‌చేంజికి.
జిలాని అడుగుమూత ఇప్పితే
చీమలు వరస తప్పకుండా బయటికి నడిచినాయి.
ఫ్యాను రెక్కలకు ముదురు పాకం.
కీబోర్డు మీద అంకెలన్నీ అరిగి తెల్లబడినాయి,
అక్షరాలు మాత్రం కొన్ననాటివే.

ఆరు వేల వరకు ఇస్తామని బల్ల మీద ఉంది.
పదకొండు వందలు వస్తుందన్నాను.
"వరకు" అనే మాట అంత పొడుగు.

ఆయన కోప్పడలేదు. కొత్తదాన్ని తెరిచి
నేరుగా లోపలి గోదాం దగ్గరికి పోయినాడు.
"ఐదు వందల పన్నెండని రాసినారే,
నాలుగు వందల డెబ్బై ఆరే చూపిస్తాండాదేమ్మా?"
కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది,
మిషను వెయ్యిన్ని ఇరవై నాలుగు లెక్కన, అని
నేను వేళ్ళు మడిచి చెప్తా ఉంటే ఓపిగ్గా విన్నాడు.
"తరుగు," అన్నాడు.
"మాకూ ఉండాది. తడికి మూడు కిలోలు, గోనెకొకటి.
రైతు మొగాన్నే చెప్తాము, తిట్టించుకుంటాము.
మీవోళ్ళు చుక్క పెట్టి కాళ్ళకింద రాస్తారు."

పద్దెనిమిది గంటల బ్యాటరీ గురించి అడిగినాడు.
వెలుతురు దించి, నెట్టు ఆపి,
ఒకే వీడియో చూస్తా కూర్చుంటే, అన్నాను.
"అంటే పని చెయ్యకుంటే."

కొనలేదు.
చీమల్ని దులిపించుకుని, జిలానికి రెండు వందలిచ్చి
ఇంకో సీజను లాగుతాదిలే అని
గోనెపట్టను మళ్ళీ జాగ్రత్తగా చుట్టినాడు.

ఆ పై శుక్రవారం ఓనరు కాణిపాకంలో పెండ్లికి పోయినాడు.
బల్ల, నేను, సుద్దముక్క.
ఐదు వందల పన్నెండు: తరుగు పోను నాలుగు వందల డెబ్బై ఆరు.
పద్దెనిమిది గంటలు: తరుగు పోను ఎనిమిది.
ఆరు వేల వరకు: తరుగు ఎంతో జిలాని చూసి చెప్తాడు.

మధ్యాహ్నం మద్రాసు నుంచి కంపెనీ మనిషి దిగినాడు.
తెలుగు చదవలేడు.
చేతిరాత చూసి ముచ్చటపడి మూడు ఫొటోలు తీసినాడు,
సూపర్ మేడం అన్నాడు, పైకి పంపుతానన్నాడు.
ఏ మీటింగులో ఏ గోడ మీద పడిందో అది.

రెండు అమ్ముడుపోయినాయి ఆ పూట.
ఒకటి వళ్ళియమ్మ వాయిదాల మీద తీసుకుంది,
చుక్క యాడుందో చూపించి మరీ సంతకం పెట్టింది.

షట్టరు దించేటప్పుడు చూసినాను,
డెమో పీసు మీద ఒక చీమ.
అక్షరాలన్నీ దాటుకుంటా
అంకెల వైపు పోతా ఉంది.