రాయి రంగు మారిన చోట

ఇక్కడ నిలబడండి, తడిసినా ఫర్వాలేదు.
ఐర్లండ్ పడమటి వాన అడ్డంగానే కొడుతుంది,
గోడ తడిస్తేనే తేడా తెలుస్తుంది.
రెండో అంతస్తు కిటికీల దాకా బూడిదరంగు సున్నపురాయి,
ఆ పైన తేనెరంగు ఇసుకరాయి.
‘వాస్తుశిల్పి అభిరుచి’ అని కరపత్రంలో రాశారు.
నేనా వాక్యం చదవను.

ఇక్కడ పని ఆగింది.
దుంపలు మట్టిలోనే నల్లబడి నీరైన ఏళ్లలో
క్వారీలో సుత్తి మోగలేదు.
మాలాకీ టూహీ అనే మేస్త్రీ
ఈ రాతి మీద తన పేరు సగం చెక్కి
ఓడెక్కాడో, గోతిలోకి దిగాడో.
జీతాల పుస్తకంలో ఆ వారం నుంచి ఉత్త గీత.
కట్టిన మేరకు గోడ నోరు తెరుచుకుని నిలబడితే
దాని పంచన ఇనుప కాగు పెట్టి గంజి పోశారట:
మొదట్లో మనిషికో చెంబు,
తర్వాత ఇంటికో చెంబు,
తర్వాత అడిగేవాళ్లే తగ్గారు.

మళ్లీ డబ్బు చేరేసరికి
పాత క్వారీ నిండా నీళ్లు.
పక్క జిల్లా రాయి పడవల మీద వచ్చింది.
కోసుదేరిన తోరణాలు, నూటపది గదులు,
గదికో కిటికీ, కిటికీకో మేఘం.
గంటస్తంభం మాత్రం లేవనే లేదు,
దాని పునాది మీద ఇప్పుడు సైకిళ్ల షెడ్డు.

లోపలికి రండి. మెట్లు చూసుకోండి,
నడిమధ్య దొన్నెల్లా గుంటలు పడ్డాయి.
లాటిన్ క్రియలు వల్లిస్తూ
చీకటితో దిగిన కుర్రాళ్ల బూట్లు అవి.
అంచున రాయి కొత్తగానే ఉంది,
అంచున నడిచే అలవాటు వాళ్లకెవరూ నేర్పలేదు.

మా అమ్మమ్మ డెలియా ఈ మెట్లెక్కలేదు.
ఆడవాళ్ల దారి వెనక, బొగ్గుల గది పక్కన.
ముప్పైనాలుగేళ్లు
వారానికి నాలుగొందల తెల్లంగీలు ఉతికి
దుంపపిండి కాచి గంజి పెట్టింది.
‘లోపల మనిషి లేకపోయినా అంగీ నిలబడాలి’ అనేది.
ఆ గంజి ఎప్పుడైనా వేలితో నాకావా అని
చిన్నప్పుడు అడిగాను.
చెంప మీద ఒక్కటిచ్చి,
తర్వాత చాలాసేపు నా జుట్టు దువ్వింది.

ఇది చాపెల్.
కప్పంతా ఓక్ చెక్క, ఒక్క మేకు లేదు.
దూలాల కొసల దేవదూతలు, ఎవరి మొహం వాళ్లదే.
పదిహేడోవాడికి పన్నునొప్పి.
అమ్మమ్మ వీళ్ల గురించి విన్నది,
వంటగది కుర్రాడు రోజుకొకరిని వర్ణించేవాడట.
చూడలేదు.

చివరి ఏడు ముగ్గురే విద్యార్థులు.
ఒకడు మధ్యలో వెళ్లి పెళ్లి చేసుకున్నాడు.
తాళాల గుత్తి నా చేతికొచ్చింది,
నూటపది చెవుల్లో ఎనభై తిరుగుతాయి.

మొదటి సాయంత్రం గడియ పెట్టుకుని
ఈ చల్లటి బండల మీద వెల్లకిలా పడుకున్నాను.
అమ్మమ్మ కోసమని అనుకున్నాను గాని
సగం నా నడుం కోసమే.
అప్పుడు కనిపించింది, పదిహేడోవాడి చేతి మడత:
చెక్కలో, కత్తిలా నిలబడి,
గంజి పెట్టిన బట్టకే వచ్చే మడత.
చెక్కినవాడి చొక్కాలు కూడా
ఎవరో ఒకామె ఉతికే ఉంటుంది.

మీరూ పడుకోవచ్చు.
బస్సుకింకా ఇరవై నిమిషాలుంది.