కాలం తప్పు

పొద్దుగాల ఆరు గంటల కంపెనీ బస్సు
మెట్టుగడ్డ కాడ ఎక్కుత.
కిటికీ సీటు దొరికితే
పిలగాని పాత నోటుబుక్కు ఎనుక పేజీలు తెరుస్త.
శనివారం పరీక్ష.
పాసైతే ప్యాకింగ్ లైను ఇడిసిపెట్టి
పెరూకు పోయే మందుపెట్టెల్ల
మడత కాయితం తప్పొప్పులు చూసే కుర్సీల కూసుంట.

స్పానిష్ క్రియలు మొదాలు మంచిగనే నడుస్తయి,
మాటినే మేకల లెక్క ఒకదాని ఎనుక ఒకటి.
గని కొన్ని ఉన్నయి,
గెట్టు దుంకి పక్క చేన్ల పడేటివి.
"ఉండుడు" అసొంటిదే.
నేనైతే సోయ్,
నువ్వైతే ఏరెస్,
ఆయనైతే ఎస్.
ఒక్క తల్లి పిల్లలంటే ఎవరన్న నమ్ముతరా?
సోయ్ మాత్రం ఒక్కసారికే పట్టుకున్న.
మా దిక్కు సోయి లేనోన్ని మనిషి కింద లెక్కవెట్టరు.

పక్క సీట్ల షాహెదా నవ్వింది:
"వాళ్లకు రెండు ఉండుళ్లు ఎందుకక్కా?
ఎప్పటికి ఉండేదానికి ఒకటి,
ఇయ్యాల మట్టుకు ఉండేదానికి ఇంకోటి!"
అప్పన్నపల్లి బ్రిడ్జి దిగేదాక ఆలోచన చేసిన.
మనకు మాత్రం రెండు లేకపోవుళ్లు లేవా?
"ఆయన ఇంట్ల లేడు" అంటే ఒకటి,
"ఆయన నా మనిషి కాడు" అంటే ఇంకోటి.
షాహెదా కిటికీ దిక్కు తిరిగింది.
ఆ రెండిట్ల ఆమెది ఏదో
నేనడగలే.

నిన్న పీతాంబరం సారు కొత్త కాలం చెప్పిండు.
ఒక్కపారి అయి ఒడిసిపోయింది కాదు,
రోజూ అయితుండె, మల్ల మల్ల అయితుండె,
ఎన్నడు ఆగిందో ఎవ్వరికి యాదిలేదు, అసొంటి కాలం.
ఇండ్ల భాష మొత్తంల మొండియి మూడేనట.
ఉండుడు, పోవుడు, చూసుడు.
ఏరా. ఈబా. వేయియా.

బస్సు గేట్లకు మలిగింది.
మూడో షెడ్డు, బాయిలరు గొట్టం నిలవడ్డ కాడ
మా మామ కుర్మయ్య ఆముదపు చేను ఉండె.
మన్నెమ్మత్త సద్ది పట్టుకొని పోతుండె.
నేను ఎడల్పు ఆకు కింద కూసొని
చీమల బారు చూస్తుంటి.

ఏరా అని నోటుబుక్కుల పదిసార్లు రాసిన.
పదకొండోసారి
గెట్టు మీదికెల్లి ఇనవడ్డది.
ఆడపిల్లనైనా నన్ను అట్లనే పిలుస్తుండె మామ,
నోటికి రెండు చేతులు అడ్డం పెట్టుకొని,
"ఏరా... యాడున్నవ్‌రా..."
పెన్ను మూత పెట్టి దిగిన.
టోపీ, మాస్కు, చేతులకు తొడుగులు.
షిఫ్టు సైరన్ల అన్ని గొంతులు ఒకటే.

శనివారం పద్నాలుగిట్ల పదకొండు వచ్చినయి.
కుర్సీ ఇచ్చిండ్రు. కిటికీ లేదు, ట్యూబులైటు మంచిగనే ఉన్నది.
పోయిన మూడు మార్కులల్ల ఒకటి యాదికున్నది.
"ఈ జాగ మాది" అన్నదాన్ని స్పానిష్‌ల రాయమన్నరు.
మన మాటల అండ్ల క్రియే లేదు, అవసరం పడలే ఎన్నడు.
వాళ్లకు కావాలె గద, ఏదో ఒకటి పెట్టాలె.
ఎస్ పెట్టాల్సిన కాడ
ఏరా పెట్టిన.
సారు ఎర్ర పెన్నుతోని సున్న చుట్టి
పక్కకు రాసిండు: కాలం తప్పు.

ఇంకా దిద్దుకోలే.