దొంగలకు నచ్చని సైకిలు

ఎనిమిది నెలల బస్సు టికెట్ల డబ్బు
బిస్కెట్ల డబ్బాలో మడతలు పడి ఉంది.
అది పట్టుకుని సియెతే దే అగోస్తో పేటకి వెళ్ళాను.
బొగోతా వాన నాకంటే ముందే వెళ్ళి
కొట్ల ముందు నిలబడింది.

మొదటి కొట్టువాడు చూపుడువేలితో ఎత్తి చూపించాడు
కార్బన్ సైకిలు.
ధర చూస్తే
నేను పనిచేసే బేకరీ, అందులో పొయ్యి,
పొయ్యి ముందు నేను
అందరం కలిసి అమ్ముడుపోయినా ఇంకా బాకీ.

దోన్ ఎవెలియో కొట్టు వీధి చివర.
మేకుకి వేలాడుతూ పాత రేసు సైకిలు,
స్టీలు ఫ్రేము, తడిసిన అరటాకు రంగు.
కుండ కొనేవాళ్ళు కొట్టి చూసినట్టు
వేలి మెటికతో పై గొట్టం మీద తట్టాడు.
ఠంగుమంది.
“పగుల్లేదు. సొట్ట ఒకటుంది.
సొట్ట లేనిదెవరికి?”

ఎంత దూరం, అడిగాడు.
పన్నెండు కిలోమీటర్లు.
ఎన్నింటికి? తెల్లవారుజామున నాలుగింటికి.
చివర్లో? చపినేరో కొండవాలు, నిలువుగా.
నా మొహం చూడలేదు, దర్జీలా
చేతుల పొడవు చూశాడు, కాళ్ళ పొడవు చూశాడు.

“రేసు సైకిలు మనిషిని ముందుకు వంచుతుంది.
నిన్ను పిండి ముద్ద ఇప్పటికే వంచింది.
ఒక నడుముకి రెండు వంపులెక్కువ, నిదియా.”
హ్యాండిల్ మెడ కోసి
నాలుగు వేళ్ళు నా వైపు జరిపాడు,
రెండు వేళ్ళు పైకెత్తాడు.
అప్పుడు మొదటిసారి
రోడ్డు కాక ఆకాశం కనబడింది.

టైర్లు సూదుల్లా ఉన్నాయి, మార్చాం.
ఇరవై ఎనిమిది పట్టింది, బియ్యపుగింజ సందుతో.
ఆశకి పోయి ముప్పై రెండు ఎక్కించాను,
వారం రోజులు ఫ్రేము పళ్ళు నూరింది.
మళ్ళీ ఇరవై ఎనిమిదే.
మడ్‌గార్డులు బిగించడానికి బెజ్జాల్లేవు.
రేసువాళ్ళు తడవరనుకున్నారో,
తడిసినా అడిగేవాళ్ళుండరనుకున్నారో, చేసినవాళ్ళు.
వంటనూనె డబ్బా కోసి కట్టాను.
ఎడమ బూటు ఇప్పటికీ తడుస్తుంది.
వెనక పళ్ళచక్రం మాత్రం
దోన్ ఎవెలియో బేరం ఆడనివ్వలేదు.
పెద్ద పళ్ళెమంత చక్రం తెచ్చి
“కొండకి అబద్ధం చెప్పలేవు,” అన్నాడు.

తాళం కొన్నాను.
గుర్రం కంటే కళ్ళెం బరువు.
అది చాలదు, సైకిలు అందంగా ఉండకూడదు అన్నాడు,
పాత ట్యూబులు చీల్చి
ఫ్రేము చుట్టూ చుట్టడం మొదలుపెట్టాం.
ముందుగా పాత స్టిక్కరు గోకితే
కింద తెల్ల రంగుతో, చేత్తో రాసిన పేరు:
రుబియేలా.

అతను కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకోలేదు.
ఎవరు?
“మా అక్క. కొండలెక్కేది.
ఒకసారి అందరికంటే ముందొచ్చింది.
కప్పు ఇవ్వలేదు, ప్రెషర్ కుక్కరు ఇచ్చారు.”
తర్వాత?
“వండింది.”

ఆ పేరు మీద నల్ల ట్యూబు
తనే చుట్టాడు, మూడు చుట్లు,
దెబ్బకి కట్టుకట్టినట్టు, మరీ బిగించకుండా.

ఇప్పుడది ఎంత వికారంగా ఉందంటే
బేకరీ ముందు తాళం మర్చిపోయిన రోజు
సాయంత్రానికి అక్కడే ఉంది,
సీటు మీద ఎవరో తాగి పారేసిన కాఫీ కప్పుతో.
కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

నిన్న చపినేరో వాలులో
కార్బన్ సైకిలు కుర్రాడొకడు, నున్నటి కాళ్ళవాడు,
నా పక్కకొచ్చి
నల్లటి చుట్ల వైపు, నూనె డబ్బా వైపు చూసి
నవ్వాపుకుంటూ అడిగాడు:
ఏ కంపెనీ?

“ప్రెషర్ కుక్కర్ల కంపెనీ,” అన్నాను.

ఇంకో ప్రశ్నకి అతని దగ్గర ఊపిరి లేదు.
నాకింకా ఒక గేరు మిగిలే ఉంది.