నీలం బల్బు

వడపళని మేడమీది ప్రివ్యూ హాల్లో
పదకొండు మందిమి.
సినిమా కంటే ఏసీ చప్పుడే పెద్దది.

డబ్బుల్లేని దర్శకుడు
రెండో ప్రపంచానికి నీలం బల్బు పెట్టాడు.
అంతే.
అదే గది, అదే చాప, అదే క్యాలెండరు
కాకపోతే ఎదుటి గోడకి.
ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి వంగిన హీరోయిన్
ఇంకో తనలోంచి లేస్తుంది.

మొదట నవ్వాం.
మైకు నీడ సీలింగు మీద పాకినప్పుడు
సౌండు చూసే తంగవేలు
"అదీ ఇంకో లోకమే" అన్నాడు.

ఎప్పుడు మానేశామో నవ్వడం.
అవతలి ఆమె కూడా అద్దె బాకీ పడ్డ చోట అనుకుంటా.
అవతల కూడా పాలు విరిగే ఉన్నాయి.

బయట వాన వెలిసిన బస్టాపు.
తొమ్మిదేళ్లయినా బోర్డు చదవలేను
నంబరు చూసి ఎక్కుతాను.
మద్రాసు మనదే అని
గోడల మీద సున్నంతో రాశాడట తాతయ్య,
లాఠీ తగిలిన మోకాలు చూపించేవాడు.
ఆ మాట నెగ్గిన ఊరొకటి
ఏ ఫ్రిజ్ వెనకో ఉండే ఉంటుంది.
అక్కడ బస్సులన్నీ నాకు చదవడానికొస్తాయి.

అక్కడ, ఇదే తడిబెంచీ దగ్గర
తంగవేలు కూతురు కళ్లు చికిలించి
"ఇది కోయంబేడు పోతాదా?" అంటోంది.
ఫోన్లోంచి తలెత్తడం లేదు నేను.

బస్సొచ్చింది.
"కోయంబేడు పోగుమా?"
మల్లెల బుట్ట ఒళ్లోకి లాక్కుని
జరిగింది ఎవరో ముసలామె.